దళం నుంచి దుక్కికి

1951 అక్టోబరు 21న తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమిస్తున్నట్టు కమ్యూనిస్టు పార్టీ ప్రకటించింది. మన టెక్స్ట్‌బుక్‌లో ఆ చాప్టర్ అక్కడితో అయిపోతుంది. గ్రూప్స్‌కి చదివే సీనియర్లకి అదొక బిట్, అంతే. పేజీ తిప్పితే 1952 ఎన్నికలు, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి, ముల్కీ గొడవ. బండి ఆగదు.

నాకు ఆ తేదీ దగ్గర ఒక డౌట్ పట్టుకుంది. అక్టోబరు 22 పొద్దున, దళంలో ఉన్న మనిషి ఏం చేసి ఉంటాడు? నిన్నటిదాకా భుజాన తుపాకీ ఉంది. అంతకుముందు అతను రైతు, లేదా ఎవరింట్లోనో పాలేరు, లేదా అడవిలో పోడు కొట్టుకునే కోయ కుర్రాడు. అక్టోబరు చివర అంటే వానాకాలం పంట ఇంకా చేలోనే ఉంటుంది, యాసంగి జొన్నలకి అదును నడుస్తుంటుంది. ఊరికి వస్తే పనికి కొదవ లేదు. కానీ ఏ చేలో? ఆ చేను ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? నేను చదివింది, అర్థం చేసుకుంది ఇక్కడ ఆ ప్రశ్న చుట్టూనే రాస్తున్నాను.

ఏరియా కూడా ముందే చెప్పేస్తా. తెలంగాణ మొత్తం కాదు. ఖమ్మం దాటి ఇల్లందు, పాల్వంచ, బూర్గంపహాడ్ మీదుగా గోదావరి ఒడ్డున భద్రాచలం దాకా ఉండే అడవి అంచు. పోరాటం చివరి మూడేళ్ళు నల్లగొండ మైదానంలో కంటే ఇలాంటి అడవుల్లోనే ఎక్కువగా నిలబడింది. నల్లమలలో కొన్ని దళాలు, గోదావరి అడవుల్లో కొన్ని. తిరిగి రావడం అన్నిటికంటే కష్టమైంది కూడా ఇక్కడివాళ్ళకే అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ముందు ఒక మాట. వీళ్ళని సైనికులు అనొచ్చా? ఇది వాదించదగ్గ ప్రశ్నే. అదే కాలంలో అసలైన సైనికులు కూడా ఊళ్ళకి తిరిగొస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో సుమారు 25 లక్షల మంది ఉన్నారు. ఎవరినీ బలవంతంగా చేర్చుకోకుండా తయారైన సైన్యాల్లో అప్పటికి ప్రపంచంలోనే అతి పెద్దది. యుద్ధం అయ్యాక వాళ్ళలో ఎక్కువమందిని ఇంటికి పంపించేశారు. కానీ పద్ధతిగా పంపారు. డిశ్చార్జి కాగితం ఉంటుంది, సర్వీసు నంబరు ఉంటుంది, కొందరికి పెన్షన్ ఉంటుంది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ ఆ ఊరివాళ్ళు పట్టాళంలో చేరుతూనే ఉన్నారు. అందుకే దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. అక్కడ యుద్ధానికి వెళ్ళొచ్చిన రైతు అంటే ఊరికి గర్వం.

దళంలో చేరినవాడికి ఈ కాగితాలేవీ లేవు. అయినా అతను చేసింది సైనికుడి పనే: కమాండర్ మాట వినడం, రాత్రి కాపలా కాయడం, నడవడం, దాక్కోవడం, కాల్చడం, చావడం. వాళ్ళకి శిక్షణ ఇచ్చినవాళ్ళలో పట్టాళంలో పనిచేసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. సైన్యం వదిలేసి అండర్‌గ్రౌండ్‌కి వెళ్ళిన మేజర్ జైపాల్ సింగ్ అనే ఉత్తర భారతీయుడు ఈ పోరాటానికి సైనిక సలహాలు ఇచ్చాడు. కాబట్టి నేను సైనికుడు అనే అంటాను. ఒప్పుకోనివాళ్ళు గెరిల్లా అని చదువుకోండి, కథ మారదు.

పోరాటం ఎలా మొదలైందో చాలామందికి తెలుసు కాబట్టి త్వరగా చెప్పేస్తా. వెట్టిచాకిరి, దొరలు, దేశ్‌ముఖ్‌లు, అప్పు తీర్చలేక పోగొట్టుకున్న భూములు, యుద్ధకాలంలో ధాన్యం లెవీ. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పుల్లో చనిపోయాడు. అప్పటికి ఊళ్ళో ఉన్న ఆయుధాలు కర్రలు, వడిసెలలు, కారప్పొడి. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ కలిసి సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. అవతలి వైపు నిజాం పోలీసులు, ఖాసిం రజ్వీ రజాకార్లు. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో సంఘం రాజ్యం నడిచింది, 10 లక్షల ఎకరాలు పంచారు. గ్రామ రక్షక దళాల్లో 10,000 మంది, తిరిగే గెరిల్లా దళాల్లో 2,000 మంది ఉన్నారు. ఆ పోరాటాన్ని నడిపిన పార్టీ నాయకుడి లెక్క ఇది, కాస్త ఎక్కువ తక్కువలు ఉండొచ్చు. కానీ ఆ నిష్పత్తి చూడండి. ప్రతి ఆరుగురిలో ఐదుగురు ఊరు వదలనివాళ్ళు. పగలు దున్ని రాత్రి కాపలా కాసేవాళ్ళు. వాళ్ళు రైతు జీవితం నుంచి పూర్తిగా బయటికి పోనేలేదు. మన ప్రశ్న మిగతా ఆరోవాడి గురించి.

1948 సెప్టెంబరు 13న ఇండియన్ ఆర్మీ హైదరాబాద్ రాష్ట్రంలోకి వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్ల మీద పోరాడిన దళాలకి ఇక్కడ పెద్ద చిక్కు వచ్చింది. శత్రువు ఓడిపోయాడు. మరి ఇప్పుడు తుపాకీ దించాలా? రావి నారాయణరెడ్డి లాంటివాళ్ళు దించేయాలన్నారు. పంచిన భూములు దొరలు మళ్ళీ లాక్కుంటారు కాబట్టి దించకూడదని ఇంకొందరన్నారు. రెండో వాదనే గెలిచింది. దొరలు నిజంగానే సైన్యం వెనకాల గడీలకి తిరిగొచ్చారు. అప్పటిదాకా రజాకార్లతో పోరాడినవాడు ఆ రోజు నుంచి స్వతంత్ర భారత ప్రభుత్వంతో పోరాడుతున్నవాడయ్యాడు. అదే మనిషి, అదే తుపాకీ. ఈ తేదీని గుర్తుపెట్టుకోండి. చాలా ఏళ్ళ తర్వాత ఇది పెన్షన్ ఫారంలో మళ్ళీ కనిపిస్తుంది.

మైదానంలో సైన్యం ముందు నిలవలేక దళాలు చిన్న చిన్న ముక్కలుగా విడిపోయి అడవి పట్టాయి. గోదావరి ఈ ఒడ్డున పాల్వంచ, ఇల్లందు, ములుగు అడవులు. అప్పటికి ఖమ్మం జిల్లా లేదు, ఇదంతా వరంగల్ జిల్లానే. ఖమ్మం 1953లో విడిపోయింది. నది అవతల భద్రాచలం తాలూకా 1860లోనే నిజాం చేతి నుంచి బ్రిటిష్ వాళ్ళకి పోయింది, అప్పటికి అది మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లాలో ఉంది. నది మీద వంతెన 1965లో గానీ రాలేదు. పడవ ఎక్కి దాటితే రాష్ట్రం మారుతుంది, పోలీసు మారతాడు, భూమి చట్టం మారుతుంది. రెండు ఒడ్డుల మీదా ఉన్నది అదే కోయవాళ్ళు, అదే కొండరెడ్లు. ఇప్పుడు మన సెంటర్ నుంచి భద్రాచలం బస్సు ఎక్కి పాటలు వింటూ బ్రిడ్జి దాటేస్తాం కదా, అప్పట్లో అదొక బోర్డర్.

అడవిలో ఈ దళాలు బతకాలంటే కోయగూడేలే దిక్కు. ఉప్పు, గింజలు, కబురు, దారి అన్నీ వాళ్ళ దగ్గరే. కోయవాళ్ళకీ దళాలతో పని ఉంది. అప్పటికి నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా ఉన్న హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద 1945లో పెద్ద పుస్తకమే రాశాడు. కలప వ్యాపారులు, షావుకార్లు, ఫారెస్టు సిబ్బంది కలిసి ఆ మనుషుల్ని ఎలా పిండుకున్నారో అందులో ఉంది. రిజర్వ్ ఫారెస్ట్ అని గీత గీస్తే నిన్నటి చేను ఇవాళ నేరం అవుతుంది. కట్టె కొట్టినా మామూలు, నాగలి కట్టినా మామూలు, ఆఫీసరు వస్తే వెట్టి. దళం వచ్చి ఇవేవీ ఇవ్వొద్దంది. కోయ కుర్రాళ్ళు దళాల్లో చేరారు.

దీనికి ప్రభుత్వం కనిపెట్టిన మందు గూడేలని ఖాళీ చేయించడం. అడవి లోపల చెదురుగా ఉన్న గూడేలని ఎత్తించి, రోడ్డు పక్కన పోలీసు కాపలా ఉన్న శిబిరాల్లోకి మనుషుల్ని తరలించారు. చాలాచోట్ల పాత గుడిసెలు తగలబెట్టారు. లాజిక్ సింపుల్: చేపని పట్టలేకపోతే చెరువు ఎండగట్టు. సరిగ్గా అదే కాలంలో, 1950లో, మలయాలో బ్రిటిష్ వాళ్ళు బ్రిగ్స్ ప్లాన్ పేరుతో ఇదే పని చేశారు. అక్కడి గెరిల్లాలకి తిండి అందకుండా అడవి అంచున ఉన్న చైనీయుల్ని కంచె వేసిన కొత్త ఊళ్ళలోకి మార్చారు. ఆ బ్రిగ్స్ అంతకుముందు ప్రపంచ యుద్ధంలో ఇండియన్ ఆర్మీలో ఐదో డివిజన్ నడిపిన జనరలే. మలయా ఊళ్ళ మీద లైబ్రరీలకి లైబ్రరీలు ఉన్నాయి. మన పాల్వంచ శిబిరాల గురించి మాత్రం సుందరయ్య పుస్తకంలో, ఈ మధ్య వచ్చిన ఒకటి రెండు పరిశోధనల్లో వెతుక్కోవాలి.

శిబిరం అంటే పోడు రైతుకి ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనలాంటి వాళ్ళకి ఇది వెంటనే తట్టదు. పొలం అంటే మన మైండ్‌లో గట్టు, సర్వే నంబరు, పాస్‌బుక్ ఉంటాయి. పోడు అలా ఉండదు. ఎండాకాలంలో చెట్టూ పొదా నరికి ఎండబెట్టి కాలుస్తారు. తొలకరికి ఆ బూడిదలో గింజలు వేస్తారు. రెండు మూడేళ్ళు పండాక సారం తగ్గితే వదిలేసి పక్క చెలకకి పోతారు. వదిలేసిన చోట అడవి మళ్ళీ మొలుస్తుంది, కొన్నేళ్ళకి మళ్ళీ అక్కడికే వస్తారు. అంటే ఖాళీగా కనిపించే అడవి కూడా ఒక కుటుంబం లెక్కలో పొలమే, కాకపోతే విశ్రాంతిలో ఉన్న పొలం. ఈ లెక్క ఏ కాగితం మీదా ఉండదు. గూడెం పెద్దమనిషి తలలో ఉంటుంది. అలాంటి గూడేన్ని రెండేళ్ళు రోడ్డు పక్కన కూర్చోబెడితే అడవి మొత్తం కమ్మేస్తుంది. తిరిగొచ్చి నాది అంటే ఫారెస్టు గార్డు కళ్ళకి కనిపించేది చెట్లు మాత్రమే.

ఇప్పుడు అక్టోబరు 22కి వద్దాం.

ఈ తుపాకీ దించే నిర్ణయం ఎక్కడిదాకా వెళ్ళిందంటే, 1951 మొదట్లో పార్టీ నాయకులు నలుగురు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌ని కలిశారు. రాజేశ్వరరావు, బసవపున్నయ్య, డాంగే, అజయ్ ఘోష్. గోదావరి ఒడ్డున గంజి తాగుతూ దాక్కున్న ఐదారుగురి భవిష్యత్తు క్రెమ్లిన్‌లో చర్చకి వచ్చిందంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. కానీ నిర్ణయం అయ్యాక వాళ్ళకి దక్కింది ఒక్క కబురు: ఇళ్ళకి వెళ్ళండి. సైన్యం సైనికుణ్ణి పంపేటప్పుడు రైలు టికెట్టు ఇస్తుంది. వీళ్ళకి అదీ లేదు. పైగా వారెంట్లు అలాగే ఉన్నాయి, కేసులు నడుస్తున్నాయి, వేల మంది జైళ్ళలో ఉన్నారు. ఉరిశిక్ష పడిన 12 మంది తెలంగాణ రైతుల తరఫున వాదించడానికి ఇంగ్లండు నుంచి డి.ఎన్.ప్రిట్ అనే లాయరు వచ్చాడు. వాళ్ళ ఉరి చివరికి తప్పింది.

పేరున్నవాళ్ళకి ఒక దారి వెంటనే దొరికింది. 1952 ఎన్నికల్లో పార్టీ మీద నిషేధం ఉండటంతో పీడీఎఫ్ పేరుతో నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి దేశంలోనే అత్యధిక ఓట్లు, నెహ్రూ కంటే ఎక్కువ. ఖమ్మం నుంచి టి.బి.విఠల్‌రావు లోక్‌సభకి వెళ్ళారు. దళ కమాండర్లలో కొందరు తర్వాత ఎమ్మెల్యేలు, ఎంపీలు అయ్యారు. వాళ్ళ చరిత్ర మనకి తెలుసు, ఆత్మకథలు ఉన్నాయి, విగ్రహాలు ఉన్నాయి. మామూలు దళ సభ్యుడు మాత్రం నాగలి దగ్గరికే వచ్చాడు.

ఖమ్మం మైదానంవాడైతే అతనికి ఒక చట్టం ఆసరాగా ఉంది. పోరాటం నడుస్తుండగానే ప్రభుత్వం 1949లో జాగీర్లు రద్దు చేసింది, 1950లో కౌలుదారీ చట్టం తెచ్చింది. అన్నేళ్ళ పోరాటం లేకపోతే అంత తొందరగా వచ్చేవి కావని చరిత్రకారుల్లో చాలామంది ఒప్పుకుంటారు. ఆ చట్టంలో రక్షిత కౌలుదారు అనే మాట ఉంది. కొన్నేళ్ళు వరసగా దొర భూమిని సాగు చేసినవాణ్ణి ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టకూడదు. తర్వాత 38-ఇ అనే సెక్షన్ చేర్చారు. అది రక్షిత కౌలుదారుని ఏకంగా యజమానినే చేస్తుంది. తెలంగాణ అంతటికీ అది 1973లో గానీ రాలేదు. కానీ 1950ల్లోనే మొదటగా అమలుపెట్టిన చోట్లు ఖమ్మం జిల్లా, వరంగల్‌లో ములుగు తాలూకా. ఆ రెండు పేర్లు చూడగానే నాకు దళాలు తిరిగిన మ్యాప్ గుర్తొచ్చింది. కాకతాళీయమో కాదో మీరే ఆలోచించుకోండి.

అయితే చట్టం చూసేది సాగుని, పోరాటాన్ని కాదు. దళంలో ఉన్న ఏళ్ళలో అతను నాగలి పట్టలేదు. తండ్రో తమ్ముడో ఆ చెలక బీడు పడకుండా చూసుకుంటే సరే, లేకపోతే పహాణీలో అతని పేరు ఎందుకుంటుంది? పహాణీ రాసేది పట్వారీ. ఊళ్ళో సంఘం ఎవరి మీద తిరగబడిందో ఆ లిస్టులో దొర తర్వాతి పేరు అతనిదే. ఎన్నోచోట్ల సంఘం వాళ్ళు అప్పు పత్రాలు, భూమి కాగితాలు తగలబెట్టారు. ఇప్పుడు కొత్త కాగితం రాయాల్సిందీ ఆ పట్వారీనే. ఈ పటేల్ పట్వారీ వ్యవస్థ వంశపారంపర్యంగా 1984లో ఎన్టీఆర్ రద్దు చేసేదాకా నడిచింది. అంటే ముప్పై ఏళ్ళకి పైగా, తుపాకీ పట్టినవాడి భూమి లెక్క తను ఎదిరించిన ఇంటివాళ్ళ చేతిలోనే ఉంది. మన భాషలో చెప్పాలంటే డేటాబేస్‌కి ఒక్కడే అడ్మిన్, ఆ అడ్మిన్‌తోనే గొడవ.

పాల్వంచ, బూర్గంపహాడ్ వైపు కోయ సైనికుడికి 38-ఇ వల్ల ఉపయోగం లేదు. అతను ఎవరి దగ్గరా కౌలుదారు కాదు. అతని చేను ఫారెస్టు డిపార్ట్‌మెంట్ మ్యాప్‌లో పచ్చరంగు. కొందరు పాత గూడేలకి పోయారు, కొందరు శిబిరం పెట్టిన రోడ్డు పక్కనే ఊరుగా ఉండిపోయారు. ఇంతలో అడవి అంచు భూముల కోసం కోస్తా నుంచి రైతులు రావడం పెరిగింది. వాళ్ళ దగ్గర డబ్బుంది, పొగాకు, మిర్చి, వరి వేసే నేర్పు ఉంది, కాగితం చదవడం వచ్చు. ఒక బస్తా గింజల అప్పుకి ఎకరాలు చేతులు మారాయి.

చట్టం ఏం చేస్తోందంటారా? నది అవతల భద్రాచలంలో మద్రాసు వాళ్ళ 1917 నాటి ఏజెన్సీ చట్టం ఉంది. ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివాళ్ళ భూమి ఇతరులకి పోకూడదు. ఇవతల ఒడ్డున 1949లో హైదరాబాద్ ప్రభుత్వం పెట్టిన వేరే నిబంధనలు. 1959లో ఆంధ్రప్రదేశ్ భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపింది కూడా ఆ ఏడాదే. కానీ ఆ రెగ్యులేషన్ తెలంగాణ వైపుకి 1963లో గానీ వర్తించలేదు. అంటే నాలుగేళ్ళు ఒకే జిల్లా, ఒకే కలెక్టరు, నదికి ఇటు ఒక చట్టం అటు ఒక చట్టం. 1970లో దానికి చేసిన సవరణే అందరికీ తెలిసిన 1/70. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి గిరిజనేతరుడికి ఎవరూ అమ్మకూడదు, గిరిజనేతరుడు కూడా ఇంకో గిరిజనేతరుడికి అమ్మకూడదు. అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదే అని అనుకుని విచారణ మొదలుపెట్టాలి. సుప్రీంకోర్టు 1988లో దీన్ని సమర్థించింది. చాలా గట్టి చట్టమే. కాకపోతే 1951లో అడవి నుంచి వచ్చిన ఇరవై ఏళ్ళ కుర్రాడికి అప్పటికి నలభై దగ్గర పడుతోంది. 1/70 వచ్చేనాటికే గోదావరి లోయలో ఇల్లందు, గుండాల వైపు చండ్ర పుల్లారెడ్డి వాళ్ళ నాయకత్వంలో కొత్త దళాలు మొదలయ్యాయి. పాతవాళ్ళు వదిలిపెట్టిన చోటే, దాదాపు అవే డిమాండ్లతో.

ఆడవాళ్ళ సంగతి వేరు. ఈ అడవుల్లో కోయవాళ్ళ మధ్య రాజక్క పేరుతో పనిచేసిన మల్లు స్వరాజ్యం అప్పటికి ఇరవై ఏళ్ళ లోపు పిల్ల. ఆమెని పట్టిస్తే 10,000 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. ఆమె తర్వాత తుంగతుర్తి నుంచి రెండుసార్లు ఎమ్మెల్యే అయ్యారు, 2022లో చనిపోయారు. అందరికీ ఆ అవకాశం రాలేదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదవండి, మన లైబ్రరీలో లేకపోతే తెప్పించమని అడగండి. దళాల్లో పనిచేసిన ఆడవాళ్ళు తమ నోటితో చెప్పిన విషయాలు. పోరాటం ఆగాక మగవాడికి ఇంటికెళ్ళి సేద్యం చేసుకో అని చెప్తే, ఆడదానికి ఇంటికెళ్ళి పెళ్ళి చేసుకో, వంట చేసుకో అనే అర్థం వచ్చింది. కొందరిని ఇంట్లోకి రానివ్వడమే కష్టమైంది. మగాళ్ళతో అడవిలో తిరిగిందన్న మాట ఊళ్ళో ఉంటుంది కదా. భూమి వాళ్ళ పేరు మీద ఉండే ప్రశ్నే లేదు.

ఇక పెన్షన్. 1972లో కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ మొదలుపెట్టింది, 1980లో దాన్ని విస్తరించింది. ఆ తర్వాత హైదరాబాద్ విలీనం కోసం పోరాడినవాళ్ళనీ అందులోకి తీసుకుంది. దరఖాస్తులు పరిశీలించడానికి ప్రత్యేక స్క్రీనింగ్ కమిటీ కూడా వేశారు. రూలు ఏంటంటే ఆరు నెలలు జైల్లో అయినా ఉండాలి, లేదా వారెంటో రివార్డో ఉండి ఆరు నెలలు అండర్‌గ్రౌండ్‌లో అయినా ఉండాలి. ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి జైలు మూడు నెలలు చాలు. వినడానికి బానే ఉంది. కానీ రుజువు కావాలి. దళంలో చేరినవాడికి నేర్పే మొదటి పాఠం రుజువు మిగల్చొద్దని: సొంత పేరు చెప్పకు, చీటీ చదివాక చింపెయ్, ఫోటో దిగకు. పోలీసులు పట్టుకున్నవాడికి జైలు రికార్డు ఉంటుంది. చివరిదాకా దొరకకుండా తప్పించుకున్నవాడు ఏం చూపిస్తాడు? బాగా దాక్కున్నవాడికే నష్టం.

రెండోది ఆ తేదీ. పెన్షన్ ఇస్తున్నది విలీనం కోసం జరిగిన పోరాటానికి. విలీనం 1948 సెప్టెంబరులో అయిపోయింది. రజాకార్లతో పోరాడిన నెలలు లెక్కలోకి వస్తాయి. ఆ తర్వాత పాల్వంచ అడవిలో గడిపిన మూడేళ్ళు రావు. ఇది అన్యాయమా? నాకు పూర్తిగా అలా అనిపించదు. తన మీదే తుపాకీ పట్టినవాడికి ఏ ప్రభుత్వమూ ఆ పనికి పెన్షన్ ఇవ్వదు. కానీ దీని వల్ల మైదానపు రైతుకీ కోయ రైతుకీ తేడా వచ్చింది. మైదానంవాడు 1947లో చేరాడు. కోయవాడు ఎక్కువగా చేరింది దళాలు అడవికి వచ్చాక, అంటే తేదీ దాటాక. మూడు నెలల సడలింపు కాగితం మీద ఉన్నా, అతని సర్వీసు మొత్తం గీతకి అవతలే పడింది.

ఖమ్మం పల్లెల్లో రోడ్డు మీద వెళ్తుంటే ఎర్ర స్తూపాలు కనిపిస్తాయి. మీద సుత్తి కొడవలి, కింద పేర్లు. అవి చనిపోయినవాళ్ళవి. తిరిగొచ్చి ఇంకో నలభై యాభై ఏళ్ళు దుక్కి దున్ని మంచంలో పోయినవాళ్ళ పేర్లకి స్తూపం ఉండదు. వాళ్ళ గురించి తెలియాలంటే మనవళ్ళని అడగాలి. ఇక్కడ అడగడానికి ఒక కచ్చితమైన కారణం కూడా ఉంది. అదే చివరి విషయం.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి అడవి భూమి సాగు చేస్తున్న గిరిజనుడికి హక్కు పత్రం ఇవ్వాలి. గిరిజనేతరుడైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టు చూపాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు 4 లక్షల ఎకరాలకి పోడు పట్టాలు ఇచ్చినప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనే ఎక్కువ పంచారు. ఇంకా రానివాళ్ళు ఉన్నారు. 2014లో పోలవరం కోసం ఆంధ్రకి పోయిన మండలాల్లో ఉన్నవాళ్ళకైతే మళ్ళీ రాష్ట్రమే మారిపోయింది, వాళ్ళ ముత్తాతలకి పడవ దాటితే మారినట్టు. ఈ చట్టం కింద 2008లో వచ్చిన రూల్స్‌లో 13వ రూలు ఏవేవి సాక్ష్యంగా పనికొస్తాయో చెప్తుంది. ప్రభుత్వ రికార్డులు, మ్యాపులు, పాత ఇళ్ళ ఆనవాళ్ళు, సమాధులు, బావులు. వాటితోపాటు దరఖాస్తుదారు కాని ఊరి పెద్దలు చెప్పిన మాట, రాసి పెడితే చాలు. కనీసం రెండు సాక్ష్యాలు ఉండాలంటారు, వాటిలో ఇదొకటి అవుతుంది.

శిబిరానికి పోకముందు గూడెం ఎక్కడుండేదో, ఏ చింతచెట్టు దగ్గర ఎవరి చెలక ఉండేదో కళ్ళారా చూసిన మనిషికి 1950లో పదేళ్ళనుకున్నా ఇప్పుడు ఎనభై అయిదు దాటాయి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, పేరు, ఊరు, తేదీ ముందు చెప్పించి, తర్వాత దాన్ని కాగితం మీద రాసి వేలిముద్ర తీసుకుని గ్రామసభలో ఉండే అటవీ హక్కుల కమిటీకి ఇవ్వొచ్చు. మన బ్యాచ్‌లో చర్ల, దుమ్ముగూడెం, గుండాల వైపు నుంచి వచ్చినవాళ్ళు ఉంటే సంక్రాంతి సెలవులు సరిపోతాయి.